విదియనాటి రెండు వేళలు

జ్యేష్ఠ శుద్ధ విదియ నాటి పంచాంగపు పుటలో, అంచున ఖాళీగా ఉన్న చోట, నా చేతివ్రాతతో రెండు వేళలు రాసి ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగు గంటల పన్నెండు నిమిషాలు మొదటిది. పగలు పది గంటల ఇరవైనాలుగు నిమిషాలు రెండవది. మొదటి వేళ పాలెంవారి పడవలు సముద్రంలోకి దిగడానికి. రెండవది ఆదెయ్య కూతురు ధనలక్ష్మి ఇంజనీరింగు కళాశాల సీటుకు నెట్టులో అర్జీ పెట్టుకోవడానికి. రెండూ శుభవేళలే. తిథివారనక్షత్రాల దృష్ట్యా వాటిలో దోషం చూపగలవారు ఈ చుట్టుపక్కల లేరని ఇప్పటికీ అనగలను. దోషం నాలో ఉంది. దానిని నేను గుర్తించేలోగా మూల్యం మరొకరు చెల్లించారు.

మా ఊరు చిట్టమూరుకు తూర్పున ఉంది. ముప్పైఆరేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, విశ్రాంతి పొందిన తరువాత సాయంకాలాలు మా ఇంటి అరుగు మీద పురాణం చెప్పుకుంటూ కాలం గడుపుతున్నాను. ఊరి నుంచి ఇంకా తూర్పుగా మూడు మైళ్ళు పోయి బకింగ్‌హాం కాలువ దాటితే పాలెం వస్తుంది. నూరు గడపలు, అందరూ చేపలవేట మీద బతికేవారు. కొత్త వల సముద్రంలో వేయాలన్నా, కొత్త ఇంజను పడవకు బిగించాలన్నా, వేసవి నిషేధం ముగిశాక పడవలు తిరిగి నీళ్ళలోకి దించాలన్నా వారు నా దగ్గరకు వచ్చి వేళ పెట్టించుకుంటారు. మా నాయనగారి కాలం నుంచీ ఉన్న వాడుక అది. నేను ఒక్కసారి చెప్పిన వేళను వారు మరి మార్చరు, మార్చితే అరిష్టమని వారికి మా ఇంటివారమే చెప్పాము.

రెండేళ్ళ క్రితం మా వీధికి నెట్టు తీగ వచ్చింది. నెల్లూరులో ఉద్యోగం చేస్తూ వారానికొకసారి వచ్చే మా అబ్బాయి, తన పని ఇక్కడి నుంచి కూడా నడవాలనీ, మనుమడు ముఖేష్ చదువు సాగాలనీ పెట్టించాడు. తీగ లాగడానికి వచ్చిన మనిషిని నేనే అడిగాను, పాలెం దాకా ఎందుకు తీసుకుపోరాదని.

“కాలువ దాటితే స్తంభాలెక్కువ, ఇళ్ళు తక్కువ సామీ. మావోళ్ళకు గిట్టదు” అన్నాడు.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. లోపలికి వెళ్ళి, ఎక్కడో గోదావరి తీరాన జరుగుతున్న ప్రవచనం పెట్టుకుని విన్నాను.

గత సంవత్సరం చైత్రమాసంలో, వేట నిషేధం మొదలైన వారానికి, పాలెం నుంచి ఆదెయ్య తన కూతురు ధనలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ఇంటర్మీడియెట్ పరీక్షలు రాసింది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు చదవాలి. పాలెంలో ఫోను పలకాలంటే నీటి అంచు దాకా పోయి నిలబడాలి. అక్కడ కూడా మాట, చిన్న సందేశం అందుతాయేగాని పాఠాలు చూసేపాటి నెట్టు అందదు.

“మీ అరుగు మీద కూసోని చదువుకుంటాదంట సామీ. లోపలికి రాదులే” అన్నాడు ఆదెయ్య.

“దానికేమి, కూర్చోమను” అన్నాను. లోపలికి రాకపోవడమేమిటని అడగలేదు.

ఆమె తెచ్చుకున్న ఫోను ఆదెయ్యది. ఆ ఇంటికంతటికీ అదొక్కటే. వేటకాలంలో దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, వలతాడుతో మెడకు కట్టుకుని అతను సముద్రానికి పోతాడు. చేప దొరికే చోట్లన్నీ అందులో గుర్తులు పెట్టుకున్నాడు. ఒడ్డు దగ్గర ఉన్నంతలో గాలివాన హెచ్చరికలు వచ్చేదీ, పొగమంచులో ఒడ్డు ఎటుందో చెప్పేదీ అదే. అతని పడవలో పోయే మరి ముగ్గురికీ ఆ ఫోనే కన్ను. నిషేధం ఉన్న రెండు నెలలూ పడవ ఇసుకలో బోర్లపడి ఉంటుంది గనుక ఫోను పిల్ల చేతికి వచ్చింది. చూస్తూండగానే అది ఆమెదేనన్నంతగా మేమందరం అలవాటుపడ్డాము.

రోజూ మధ్యాహ్నం ఎండ వాలగానే వచ్చేది. అరుగుకు ఒక కొసన నేను పురాణం చెబుతూంటే, రెండవ కొసన గోడకు ఆనుకుని, ఒక చెవికి తీగ తగిలించుకుని లెక్కలు చేసుకునేది. ఒకనాడు నేను ఊరికే అడిగాను.

“ఏమమ్మాయీ, నీ ఫోనులో అయ్యవారు చెప్పే లెక్క వింటున్నావా, నా పురాణం వింటున్నావా? ఒక చెవి ఇటే ఉన్నట్టుంది.”

“ఆయన మాటమాటకీ ఆగిపోతా ఉంటాడయ్యోరా, నెట్టు తిరగతా ఉంటాది. ఆ సందులో మీది వింటా. మీది ఆగదు గదా.”

పురాణం వినవచ్చిన ముసలివారందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి ఆమె ఫోను పాతది కావడం వల్లా, మా నెట్టు యంత్రం లోపలి గదిలో ఉండడం వల్లా, అరుగు దాకా నెట్టు బలంగా రాదు. ఆ సంగతి నాకు తరువాత ముఖేష్ చెప్పాడు. యంత్రాన్ని వసారాలోకి మార్చడం పది నిమిషాల పని. నేను మార్పించలేదు. తోచలేదనడం కంటే, తోచవలసినంతగా ఆలోచించలేదనడం నిజం.

ఫలితాలు వచ్చాయి. ధనలక్ష్మికి నాలుగువేల లోపు ర్యాంకు, ముఖేష్‌కు ముప్పైఒక్క వేలు. మా కోడలు వనజాక్షి వాడిని వదలలేదు.

“అరుగు మీద కూర్చున్న పిల్లకు నాలుగువేలు. ఏసీ గదిలో పడుకున్నవాడికి ముప్పైవేలు. రేపటినుంచి నువ్వు అరుగు మీద చదువు, నాయనా.”

“అయితే నా గది ఆమెకిచ్చెయ్యమ్మా, నాకేం బాధ లేదు” అన్నాడు వాడు. వాడిలో అసూయ లేదు. ఆ గుణం వాడికి తల్లి నుంచి వచ్చింది.

ఆ ర్యాంకుకు పట్టణంలోని ప్రభుత్వ కళాశాలలో, ఉచితంగా హాస్టలుతో సహా, కంప్యూటరు విభాగంలో సీటు తప్పక వస్తుందని అందరూ అన్నారు. ధనలక్ష్మికి ఆ హాస్టలు మీదే ఆశ. “రాత్రంతా కరెంటు, రాత్రంతా నెట్టు ఉంటాదంట అత్తా” అని వనజాక్షితో చెబుతూంటే విన్నాను. మేము కైలాసాన్ని గురించి చెప్పేటప్పుడు మా గొంతులో ఉండే తీరు ఆమె గొంతులో ఉంది.

ఆ ఏడు ప్రవేశాలు ముందుగా వచ్చాయి. కోరుకున్న కళాశాలల పేర్లు వరుసగా నెట్టులో నింపి ఖాయం చేయాలి. జూన్ పదకొండున మొదలు, పదిహేను సాయంకాలం అయిదు గంటలకు ఆఖరు. పన్నెండవ తేదీ ఉదయం ఆదెయ్యా, ధనలక్ష్మీ కలిసి వచ్చారు. ఆమె చేతిలో ఫోను, చంకలో ప్లాస్టిక్ సంచిలో సర్టిఫికెట్లు. ముఖేష్ కంప్యూటరు తెచ్చి వసారాలో బల్ల మీద తెరిచాడు.

“రెండు నిమిషాలు తాతా. లోపలికి పోవడానికి ఒక ఓటీపీ, చివర ఖాయం చెయ్యడానికి ఒక ఓటీపీ. ఫోను ఇటియ్యి ధనలక్ష్మీ.”

“ఆగు” అన్నాను నేను. “ఇవాళ చతుర్దశి. రేపు అమావాస్య. ఇది ఆ పిల్ల బతుకు మొదలయ్యే అర్జీ. ఎప్పుడు పడితే అప్పుడు నొక్కేది కాదు.”

“సర్వరుకి అమావాస్య తెలీదు తాతా.”

“దానికీ నీకూ తెలియదనే నేనున్నాను.”

ఆదెయ్య అడ్డుకున్నాడు. “అబ్బయ్యా, పెద్దాయన చెప్పేది వినాల. మా ఇంట్లో ఈ చదువు ఇదే మొదలు. మంచి వేళ పెట్టండి సామీ. అట్నే మా పడవలకు గూడా. పద్నాలుగు రాత్రితో నిషేధం అయిపోతాది. పాలెం పాలెమంతా కాసుకోని ఉండాది.”

పంచాంగం తెప్పించాను. కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళ మీద లెక్కవేసి చూశాను. పాడ్యమి పనికిరాదు. పదిహేనవ తేదీ విదియ, పునర్వసు. పడవలకు తెల్లవారుజామున నాలుగు పన్నెండు దివ్యంగా కుదిరింది. ఆమెకు వర్జ్యం దాటాక పది ఇరవైనాలుగు. రెండూ రాసి, చదివి వినిపించాను.

“ఆఖరు రోజు గదా తాతా” అన్నాడు ముఖేష్.

“సాయంకాలం అయిదు దాకా ఉందన్నావు. నీ రెండు నిమిషాల పనికి ఆరున్నర గంటలు చాలవా?”

వాడు కంప్యూటరు మూసేశాడు. ధనలక్ష్మి ఏదో అనబోయినట్టు కనిపించింది. తండ్రి వైపు చూసింది, నా చేతిలోని పుస్తకం వైపు చూసింది.

“ఏమ్మా?” అన్నాను.

“ఏం లేదయ్యోరా. పది ఇరవైనాలుగు” అంది.

ఆపదలోనూ, అవసరంలోనూ వేళ చూడనక్కరలేదని శాస్త్రమే వెసులుబాటు ఇచ్చింది. ఎందరికో నేనే చెప్పాను, జ్వరం వచ్చినవాడిని వైద్యుడి దగ్గరకు తీసుకుపోవడానికి రాహుకాలం చూడవద్దని. ఆ పిల్లది అవసరమని మాత్రం నాకు తోచలేదు.

పదిహేనవ తేదీ తెల్లవారక ముందే పాలెం పడవలు కదిలాయి. పది గంటలకు ధనలక్ష్మి వచ్చింది. తలస్నానం చేసి, కనకాంబరాలు పెట్టుకుని, మడత నలగని కొత్త ఓణీ వేసుకుంది. వనజాక్షి బొట్టుపెట్టింది. నేను దీపం వెలిగించి, ఆనాడు మొదటిసారిగా ఆమెను లోపలికి పిలిచి తూర్పుముఖంగా కూర్చోబెట్టాను. ముఖేష్ కళాశాలల పేర్లు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గోడగడియారంలో పది ఇరవైనాలుగు కాగానే “కానీ” అన్నాను. వాడు నొక్కాడు.

“వచ్చుంటుంది చూడు. నంబరు చెప్పు.”

ఆమె చేతులు ఒడిలో ఖాళీగా ఉన్నాయి. అప్పటివరకూ మేమెవ్వరం వాటిని చూడలేదు.

“ఫోను నాయనతో పోయింది.”

“ఎక్కడికి?” అన్నాడు ముఖేష్.

“సముద్రంలోకి.”

దీపం ఎదురుగా ఆమె తలవంచుకుని కూర్చుంది.

“ముందే చెప్పకూడదా తల్లీ?” అన్నాను.

“నాయన్ని అడిగినానయ్యోరా, ఇవాళొక్కరోజు ఇంట్లో పెట్టిపొమ్మని. దాంట్లోనే గుర్తులన్నీ ఉండాయి, నలుగురి పానాలు అన్నాడు. మీకు చెప్పమంటే, వేళ పెట్టినాక ఎదురు చెప్పగూడదు అన్నాడు.” కొంచెం ఆగి, మమ్మల్ని ఓదారుస్తున్నట్టుగా అంది. “ఎట్టా మజ్జానానికల్లా వచ్చేస్తారు గదా. అయిదు దాకా టైముండాది.”

పరీక్షకు అర్జీ పెట్టినప్పుడు ఇచ్చినది ఆదెయ్య నంబరే. దాని బదులు తన నంబరు ఎక్కించడానికి ముఖేష్ ప్రయత్నించాడు. సాగలేదు. చిట్టమూరులో నెట్టుసెంటరు నడిపే యాసీన్‌కు ఫోను చేశాము. అతను నా దగ్గర పదవ తరగతి చదువుకున్నాడు.

“నంబరు మార్చాలంటే ఆ మార్చేదానికి గూడా పాత నంబరుకే ఓటీపీ పోతాది సార్. ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తే మారస్తారు గాని, రెండ్రోజులన్నా పడతాది.” తరువాత అమాయకంగా అడిగాడు. “ఇవాళ దాకా ఎందుకుండారు సార్? మొన్న పంపించి ఉంటే మా అంగట్లోనే అయిపోయుండేది.”

నేను ఫోను ముఖేష్ చేతికి ఇచ్చేశాను.

పన్నెండయింది, ఒంటిగంట అయింది. పాలెం నుంచి కబురు లేదు. వనజాక్షి ఆ పిల్లకు అన్నం పెట్టింది. ఆమె రెండు ముద్దలు తిని, వద్దంటే బాగుండదని మూడవది కూడా తిన్నది. ముఖేష్ అరగంటకొకసారి మళ్ళీ నొక్కుతున్నాడు, సముద్రం మధ్యలో సందేశం అందదు గాని, ఒకవేళ పడవ ఒడ్డుకు వచ్చి ఉంటే అందుతుందని. నేను వసారాలో పచార్లు చేస్తూ, “అంతా దైవాధీనం” అన్నాను.

వనజాక్షి అన్నం తిన్న చోట తుడుస్తోంది. తల ఎత్తకుండానే, ఎత్తిపొడుపు లేకుండా, ఏదో గుర్తుకు వచ్చి చెప్పినట్టుగా అంది.

“మన ముఖేష్ మొన్న అమావాస్యనాడే పెట్టుకున్నాడు మామయ్యగారూ. మంచం మీద పడుకునే పెట్టాడు. మీకు చూపిస్తే, శుభం అన్నారు.”

అవును, అన్నాను. మధ్యాహ్నం నిద్రలేచి కాఫీ తాగుతూంటే వాడు తెర చూపించాడు. పచ్చగా ఏదో గుర్తు పడింది. శుభం నాయనా అన్నాను. తిథి నా నోటిదాకా కాదు, మనసుదాకా కూడా రాలేదు. అంతకు ముందునాడు చతుర్దశి అని ఆ పిల్లను ఆపిన నోరే అది.

అప్పుడు కూర్చున్నాను. ఎందుకు రాలేదని నన్ను నేను అడిగాను. కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకోవడానికి ఎవరూ వేళ చూడరు. మా ఇంట్లో నెట్టు అట్లాంటిది. తెల్లవారి నుంచి పడుకునేదాకా పారుతూనే ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు, ఇప్పుడు కాకపోతే మరికొంతసేపటికి. అందుచేత నా మనుమడు చేసినది నా కంటికి పని. ధనలక్ష్మి చేయబోయేది కార్యం. పనికి వేళ చూడము, కార్యానికి చూస్తాము. కార్యమని ఎంచి ఆమెను గౌరవించాననే అనుకున్నాను. ఏడాదికొకసారి తెరుచుకునే ఆ వాకిలి ముందు ఆమె మూడు రోజుల ముందుగా వచ్చి నిలబడింది. గడియ వేసి ఉన్నది ఆ వాకిలికి కాదు. నేనే అడ్డంగా కూర్చున్నాను.

పుటలో రెండు వేళలూ ఒకదాని కింద ఒకటి నేనే రాశాను. రెండింటికీ కావలసిన ఫోను ఒక్కటేనని, మూడు ఫోన్లున్న ఇంట్లో కూర్చున్న నాకు తెలియలేదు.

మూడు గంటలకు చోటే సాహెబ్ ఆటోలో ధనలక్ష్మిని తీసుకుని పాలెం బయలుదేరాను. ముఖేష్ ఇంట్లో కంప్యూటరు ముందు ఉండాలనీ, పడవ కనిపించగానే నేను నీటి అంచు నుంచి నా ఫోనులో చెప్పాలనీ, వాడు అప్పుడు కొత్తగా నొక్కితే వచ్చే అంకెలు చదివి వినిపించాలనీ అనుకున్నాము. దారిలో చోటే సాహెబ్ అడిగాడు, “ఈ ఎండలో సముద్రస్నానమా సామీ?” అని. మా ముఖాలు చూసి ఆటో వేగం పెంచాడు.

ఒడ్డున ఆడవారందరూ గంపలు పెట్టుకుని కూర్చున్నారు. రెండు నెలల తరువాత మొదటి వేట. ముఖాలు వెలిగిపోతున్నాయి. ధనలక్ష్మి తల్లి కామమ్మ నన్ను చూసి లేచి వచ్చింది.

“మజ్జానానికి రావాల్సినోళ్ళు ఇంతసేపు రాలేదంటే, మొదటి వల నిండి రెండో వల వేసినారన్న మాట సామీ. పదేళ్ళుగా ఇట్టా లేదు. మీ చేతి వేళ అట్టాంటిది.”

పక్కనున్న ముసలామె నాకు నమస్కరించింది. ఆ నమస్కారాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. కామమ్మకు కూతురు చెవిలో విషయం చెప్పింది. ఆమె సముద్రం వైపు చూసి, “వచ్చేస్తాడులే, వచ్చేస్తాడు” అంది. అప్పటినుంచి ఆమె ఒక్కతే ఆ ఆడవారిలో నవ్వకుండా ఉంది.

నీళ్ళు చీలమండలకు తగిలే చోట నిలబడ్డాను. నాలుగు. నాలుగున్నర. నాకు తెలిసిన స్తోత్రాలన్నీ చదివాను. ఇంతకుముందు ఎన్నడూ ఒక పడవ కోసం, అందులోనూ అది ఖాళీ వలతో త్వరగా రావాలని ప్రార్థించి ఎరుగను. ఆ ప్రార్థన చేస్తూండగానే, నూరు ఇళ్ళవారు అదే దేవుడిని వల నిండాలని అడుగుతున్నారని గుర్తుకు వచ్చి ఆపేశాను.

నా ఫోను మోగింది.

“తాతా” అన్నాడు ముఖేష్. “అయిదు దాటింది. మూసేశారు.” “ఇంకా నొక్కి చూస్తున్నాను. రావడం లేదు.”

నేను చెప్పనవసరం లేకపోయింది. ధనలక్ష్మి నా ముఖం చూసింది. చూసి, తల్లి దగ్గరకు నడిచి వెళ్ళి, ఇసుకలో ఉన్న గంప తీసి పక్కన పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి కొత్త ఓణీ కొంగు నడుముకు బిగించింది.

ఆరు గంటలకు పడవలు కనిపించాయి. ఒకటి వెనుక ఒకటి, నీటిలో లోతుగా మునిగి, బరువుగా వస్తున్నాయి. ఒడ్డంతా కేకలు. ఆదెయ్య పడవ మూడవది. అది ఒడ్డుకు ఇంకా ఇరవై గజాలుండగానే అతను నీళ్ళలోకి దూకి, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతూ నడిచి వస్తున్నాడు. అతని మెడలో ప్లాస్టిక్ సంచిలో ఉన్న ఫోను అప్పుడు మేల్కొన్నది. టింగుమని ఒక సందేశం వచ్చింది. వెంటనే ఇంకొకటి. ఇంకొకటి. పొద్దుటినుంచి ముఖేష్ పంపినవన్నీ వరుసగా, అతను ఒక్కొక్క అడుగు వేస్తూంటే ఒక్కొక్కటిగా వస్తున్నాయి. పన్నెండు లెక్కపెట్టాను.

“ఏందిది, ఇన్ని మోగతా ఉండాయి?” అని నవ్వుతూ సంచి ఎత్తి కూతురికి చూపించాడు. “చూడు పాపా, సీటొచ్చేసిందేమో.”

ఆమె లేచి వెళ్ళి తండ్రి మెడలోంచి తాడు తీసింది. తడి తుడిచి, తెర చూసి, “లేదు నాయనా, కంపెనీ వోళ్ళవి” అంది. ఆ రాత్రి పాలెం పండగ చేసుకోవాలని ఆమెకు ఉండి ఉంటుంది. నిజం అతనికి మరునాడు తెలిసింది.

మరునాడే నాకు పాలెం నుంచి అరటిగెల, టెంకాయలు, పంచెలచాపు వచ్చాయి, మంచి వేళ పెట్టినందుకు. వనజాక్షి వాటిని వసారాలో పెట్టి, ఏం చేయమంటారని అడిగింది. గెల అక్కడే పండి, అక్కడే నల్లబడింది.

రెండవ విడత ప్రవేశాలు వచ్చేనాటికి ఆమె కోరిన సీట్లన్నీ నిండిపోయాయి. మిగిలినది ఎక్కడో దూరాన ఒక ప్రైవేటు కళాశాల. హాస్టలు సొమ్ము కట్టుకోలేమని వారు చేరలేదు. ఆ డబ్బు నేనిస్తానని అబ్బాయి చేత చెప్పించాను. ఆదెయ్య వద్దన్నాడు. వేళ పెట్టిన చేతి నుంచి డబ్బు తీసుకోకూడదన్నాడట. ముఖేష్‌కు ఒక కళాశాలలో సీటు వచ్చింది. వెళ్ళే రోజున నా కాళ్ళకు నమస్కరించి కారెక్కాడు. అప్పటినుంచి వాడు ఫోను చేసినప్పుడు తల్లితోనే ఎక్కువ మాట్లాడతాడు. అరుగు మీద పురాణం సాగుతూనే ఉంది. రెండవ కొసన ఎవరూ కూర్చోరు. యంత్రాన్ని వసారాలోకి మార్పించాను. ఇప్పుడు అరుగు మీద నెట్టు బాగా వస్తుందట.

శ్రావణం మొదటి వారంలో, ఇక ఉండలేక, పాలెం వెళ్ళాను. ఆదెయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పీట తెప్పించి వేయించాడు. కూర్చోకుండానే చెప్పాను.

“ఆదెయ్యా, ఆనాడు తప్పు నాది. నేను పిల్లను ఆపకుండా ఉండవలసింది.”

“ఊరుకోండి సామీ” అన్నాడు నవ్వి. “మీరిచ్చిన వేళకు దిగితే పదేళ్ళ చేప ఒక్కరోజులో పడింది. వేళ తప్పెట్టా అవతాది? పాప రాత అట్టుండాది.”

“మా ముఖేష్‌కు నేను వేళ చూడలేదు. వాడు అమావాస్యనాడే పెట్టాడు. వాడికి సీటు వచ్చింది.”

వల మీద అతని చెయ్యి ఆగింది. నా వైపు కాసేపు చూశాడు. కోపగించుకుంటాడని అనుకున్నాను, కోపగించుకోవాలనే కోరుకున్నాను. అతను మళ్ళీ తల వంచి ముడి బిగించాడు.

“మీ ఇంట్లో నెట్టు ఎప్పుడూ ఉంటాది గదా సామీ” అన్నాడు.

గుడిసె నీడలో అలాగే నిలబడ్డాను. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఆదెయ్యే మాట మార్చాడు.

“మీరే వచ్చినారు, మంచిదయింది. నేనే రావాలనుకుంటా ఉండా. పాపను రొయ్యల కంపెనీకి పంపిస్తా ఉండాము, ఒలిచే పనికి. ఆషాఢంలో వద్దని ఆగినాము. సోమవారం నించి రమ్మన్నారు. ఒక మంచి వేళ చెప్పండి.”

ఆ మాటకు ధనలక్ష్మి చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి నిలబడింది. ఆ రెండు నెలల్లో కొంచెం నల్లబడింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆదెయ్య వల పక్కకు పెట్టి, వేళ వినడానికి ఎప్పుడూ కూర్చునే తీరున, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను ఆమెనే అడిగాను.

“బస్సు ఎన్ని గంటలకు వస్తుంది తల్లీ?”

“ఆరుంబావుకి అయ్యోరా. కాలవ కాడికి వస్తాది. ఎవురికోసరమూ ఆగదు.”

“అయితే ఆరుకే వెళ్ళి నిలబడు” అన్నాను.

నేను ఇంకా ఏదో చెబుతానని ఆదెయ్య కొంతసేపు నా ముఖం వైపే చూస్తూ ఉన్నాడు. తరువాత, అదే వేళ అనుకున్నాడు కాబోలు, చేతులు జోడించాడు.